ఆ క్రియకు కర్త ఎవరు? విడాకుల వచనాలను మూలభాషల్లో చదివిన నా అనుభవం

‘భార్యను పరిత్యజించుట నాకసహ్యమైన క్రియయని ఇశ్రాయేలీయుల దేవుడగు యెహోవా సెలవిచ్చుచున్నాడు.’ బైబిల్ పాత నిబంధనలో మలాకీ ప్రవక్త గ్రంథం, 2:16. మా చర్చి సంఘం నుంచి మా చెల్లికి వచ్చిన ఉత్తరంలో అన్నిటికన్నా పైన ఈ వచనం రాశారు. దాని కింద రెండే వాక్యాలు. కోర్టులో వేసిన కేసు వెనక్కి తీసుకుని కాపురానికి వెళ్ళాలి. లేదంటే ప్రభువు బల్లలో, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో, భాగం ఉండదు.

మా చెల్లి సరదాపడి కోర్టుకు ఎక్కలేదు. పెళ్ళయిన కొత్తలోనే దెబ్బలు మొదలయ్యాయి. చెబితే పరువు పోతుందని చాలాకాలం మా అమ్మకు కూడా చెప్పలేదు. చివరికి ఒక రాత్రి బిడ్డతో సహా బయటికి నెట్టి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత ఫోను లేదు, రూపాయి పంపింది లేదు, బిడ్డ ఎలా ఉందని అడిగింది లేదు. అలాగని విడాకులూ ఇవ్వడు. అతను బాప్తిస్మం తీసుకున్నవాడే, ఆరాధనలో పాటలు పాడేవాడే. ఇంకో ఆడమనిషితో సంబంధం ఉందని ఎవరూ అనలేదు. కాబట్టి విడాకులకు యేసు మినహాయింపుగా చెప్పిన ‘వ్యభిచార కారణం’ లేదని, కారణం లేకుండా కోర్టుకు వెళ్ళింది కాబట్టి దోషం మా చెల్లిదేనని పెద్దలు తేల్చారు.

నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఏ వాక్యం ఇచ్చినా పిల్లల్ని నేను మొదట అడిగేది ఒకటే. ఇందులో క్రియ ఏది, కర్త ఎవరు, కర్మ ఎవరు? ఆ ఉత్తరం చేతిలో పట్టుకున్నప్పుడు నాకు తోచింది కూడా అదే. పరిత్యజించింది ఎవరు? ఈ వచనం వెళ్ళాల్సిన ఇల్లు ఏది? గెంటేసిన మనిషికి చెప్పాల్సిన మాట గెంటివేయబడిన మనిషి ఇంటికి ఎలా వచ్చింది?

వేదాంత కళాశాలలో హీబ్రూ, గ్రీకు చెప్పి రిటైరైన పెద్దయ్యగారు ఒకరు మా పక్క పేటలోనే ఉంటారు. ఉత్తరం తీసుకుని వెళ్ళాను. చదివి, కళ్ళజోడు తీసి, ‘అమ్మా, నీకు వ్యాకరణం వచ్చుగదా. అక్షరాలు నేర్చుకో. మిగతాది నెమ్మదిగా నడుస్తుంది’ అన్నారు. ఒక షరతు కూడా పెట్టారు. ‘నీకు కావలసిన జవాబు కోసం చదవొద్దు. అక్కడ ఏముంటే అది చదువుదాం. మీ చెల్లికి అనుకూలంగా లేకపోయినా అదే చదువుదాం.’ ఆ షరతు నాకు నచ్చింది. ఇది వాక్యం. దాన్ని మన అవసరానికి వంచితే ఇక అది దేనికీ పనికిరాదు.

సాయంత్రాలు బడి అయ్యాక వెళ్ళేదాన్ని. హీబ్రూ కుడి నుంచి ఎడమకు. మాటలన్నీ దాదాపుగా మూడు హల్లుల ధాతువు మీద నిలబడతాయి. అచ్చుల్ని అక్షరాల కింద, పైన చుక్కలుగా పెడతారు. ధాతువు పట్టుకోవడం, ప్రత్యయాలు విడదీయడం మనకు కొత్తేమీ కాదు కాబట్టి నాకు అది ఇష్టంగానే సాగింది. ఫోనులో ఉచితంగా దొరికే ఇంటర్‌లీనియర్ బైబిల్ ఒకటి పెట్టుకున్నాను. ఒక్కో మూలపదం కింద దాని అర్థం, పక్కన స్ట్రాంగ్స్ నంబరు ఉంటాయి. ఆ నంబరు నొక్కితే ఆ మాట బైబిల్లో ఇంకెక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. మూలభాషలు రానివాళ్ళకు కూడా అది పనికొస్తుంది. కానీ నంబరు ధాతువు వరకే తీసుకెళ్తుంది. క్రియ ఏ పురుషలో ఉందో, కర్తరియో కర్మణియో చెప్పదు. మా కథంతా అక్కడే ఉంది.

ముందు మలాకీనే తీశాం. హీబ్రూలో ఆ వాక్యం మొదలు ఇలా ఉంటుంది: ‘కీ సానే షల్లఖ్’. ‘కీ’ అంటే ఎందుకంటే. ‘సానే’ ద్వేషించడం అనే ధాతువు. ‘షల్లఖ్’ పంపివేయడం. పెద్దయ్యగారు ‘సానే’ కింద వేలు పెట్టి, ‘ఇది ఏ పురుష?’ అని అడిగారు. ప్రథమ పురుష, ఏకవచనం, పుంలింగం. అంటే ‘అతడు ద్వేషించెను’ లేదా ‘ద్వేషించును’. ‘నేను ద్వేషిస్తున్నాను’ కాదు. ‘నేను’ అయితే ఎలా ఉండాలో చూడడానికి వేరే పుస్తకానికి వెళ్ళనక్కర్లేదు. మలాకీ మొదటి అధ్యాయం మూడో వచనంలో ఏశావును ద్వేషించాను అని దేవుడే అంటాడు. అక్కడ మాట ‘సానేతి’. ఇక్కడ ఆ ‘తి’ లేదు.

మరి ఆ ‘అతడు’ ఎవరు? దేవుడే తన గురించి అలా చెప్పుకున్నాడని తీసుకున్న అనువాదకులు చాలామంది ఉన్నారు. మన తెలుగు బైబిల్ కూడా ఆ దారిలోదే. కానీ వాక్యం అక్కడ ఆగదు. ‘వెఖిస్సా హామాస్ అల్ లెవూషో’ అని కొనసాగుతుంది. ‘అతడు తన వస్త్రం మీద దౌర్జన్యాన్ని కప్పును’ అని. ఇదీ ప్రథమ పురుషే. వస్త్రం మీద దౌర్జన్యం కప్పుకునేవాడు దేవుడు కాడు గదా, భర్త. మొదటి క్రియకు దేవుణ్ణి కర్తగా పెట్టి, రెండో క్రియకు చెప్పాపెట్టకుండా మనిషిని కర్తగా మార్చడం కన్నా, రెండిటికీ ఒకే కర్త ఉన్నాడనుకోవడం సహజం. అప్పుడు వాక్యం ఇలా వస్తుంది: ‘ద్వేషించి పంపివేసేవాడు తన వస్త్రాన్ని దౌర్జన్యంతో కప్పుకుంటున్నాడు.’ ఇంగ్లీషులో 1984 నాటి ఎన్.ఐ.వి. (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్) బైబిల్ ‘విడాకులు నాకు అసహ్యం’ అని దేవుడి నోట పెట్టింది. అదే అనువాదం 2011లో సవరించినప్పుడు, భార్యను ద్వేషించి పంపివేసే మనిషి గురించిన వాక్యంగా మార్చారు. ఈ.ఎస్.వి. (ఇంగ్లిష్ స్టాండర్డ్ వెర్షన్) కూడా అలాగే తీసుకుంది. మన తెలుగులో ‘నాకసహ్యము’ రెండుసార్లు వినిపిస్తుంది. హీబ్రూలో ద్వేషమనే మాట ఒక్కసారే ఉంది.

ఈ వచనం ఇప్పుడు కొత్తగా చిక్కుపడింది కాదు. ‘షల్లఖ్’ అనే రూపాన్ని ‘పంపివేయడం’ అనే తుమర్థకంగానూ చదవొచ్చు, ‘పంపివెయ్యి’ అనే విధిగానూ చదవొచ్చు. రాత ఒకటే. 1952లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను నాలుగో గుహలో బయటపడిన పన్నెండు చిన్న ప్రవక్తల ప్రతిలో ఇది దాదాపు ‘ద్వేషిస్తే పంపివెయ్యి’ అన్నట్టు ఉంది. వల్గేటు అనే పాత లాటిన్ అనువాదం కూడా ‘పంపివెయ్యి’ అనే చదివింది. క్రీస్తుకు ముందే గ్రీకులోకి తెచ్చిన సెప్టువజింట్‌లో ‘ద్వేషించి పంపివేస్తే’ భక్తిహీనత కప్పుతుందన్న హెచ్చరికగా వచ్చింది. ఇన్ని రకాలుగా చదివారు. ఆ పాత పాఠాల్లో ద్వేషించేది మాత్రం మనిషే.

‘ద్వేషించడం’ అనే మాట దగ్గర పెద్దయ్యగారు ఇంకో సంగతి చెప్పారు. ఈజిప్టులో నైలు నది మధ్యనున్న ఎలెఫాంటిన్ ద్వీపంలో క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో యూదుల కాలనీ ఒకటి ఉండేది. వాళ్ళ పెళ్ళి ఒప్పందాలు అరామిక్ భాషలో పపైరస్ మీద దొరికాయి. అందులో విడాకుల మాట ‘ద్వేషించాను’ అనేదే. సభలో లేచి నిలబడి ‘నా భర్తను ద్వేషించాను’ అని భార్య అన్నా, ‘నా భార్యను ద్వేషించాను’ అని భర్త అన్నా పెళ్ళి తెగుతుంది. అలా అన్నవాళ్ళు ‘ద్వేషపు వెండి’ చెల్లించాలి. మోషే ధర్మశాస్త్రంలోని ద్వితీయోపదేశకాండము 24:3లో కూడా రెండో భర్త ‘ద్వేషించి’ పత్రం రాసి పంపుతాడు. అంటే ఇంకే కారణమూ చూపలేక, ఇష్టం పోయిందని వదిలేయడానికి అప్పటి వాడుక మాట అది. మలాకీ కూడా దాదాపు ఆ కాలపు ప్రవక్తే. ఇది విన్నాక ఆ వచనం నాకు దేవుడి మనోభావంలా కాక, ఒక మనిషి మీద మోపిన అభియోగంలా వినిపించింది.

‘హామాస్’ అనే మాటకు మన బైబిల్ ‘బలాత్కారము’ అంది. ఈ రోజుల్లో ఆ మాట ఒక్క అర్థంలోనే వినిపిస్తుంది గాని, ఆ పాత తెలుగులో అది బలప్రయోగం, దౌర్జన్యం. నోవహు కాలంలో ‘భూలోకము బలాత్కారముతో నిండియుండెను’ అన్నచోట కూడా హీబ్రూలో ఇదే ‘హామాస్’. జలప్రళయాన్ని రప్పించిన దౌర్జన్యం ఏ మాటతో చెప్పారో, భార్యను గెంటేయడాన్నీ ఆ మాటతోనే చెప్పారు. మా చెల్లి వీపు మీది మచ్చలు నేను చూశాను. ఆ వచనం సగం కోసి ఆమెకు పంపినవాళ్ళు మిగతా సగం చదివి ఉండాల్సింది.

రెండు వచనాలు పైకి వెళ్తే మలాకీ 2:14 ఉంది. ‘అన్యాయముగా విసర్జించిన నీ భార్య పక్షమున యెహోవా సాక్షియాయెను.’ హీబ్రూలో అక్షరాలా చూస్తే ‘నీకూ నీ యౌవనకాలపు భార్యకూ మధ్య’ సాక్షి అని ఉంది. ‘పక్షమున’ అన్నది మన తెలుగు అనువాదకులు తెగించి వేసిన మాట. తర్వాత వచ్చే ‘నీవు ఆమెకు ద్రోహం చేశావు’ అన్న మాట చూస్తే వాళ్ళు సరిగ్గానే వేశారని నా అభిప్రాయం. వాళ్ళకు నేను మనసులో దండం పెట్టుకున్నాను.

తర్వాత ద్వితీయోపదేశకాండము 24. మన బైబిల్లో మొదటి వచనం ‘తన యింటనుండి ఆమెను పంపివేయవలెను’ అని ముగుస్తుంది. ‘వలెను’ అంటే విధి. భార్యలో ఏదో కనబడితే విడాకులివ్వమని మోషే ఆజ్ఞాపించినట్టు. హీబ్రూలో అలా తెగదు. ఒకడు పెళ్ళి చేసుకుని, ఇష్టం తప్పి, పత్రం రాసి, చేతికిచ్చి, పంపివేసి, ఆమె వెళ్ళి మరొకడికి భార్యయై, ఆ రెండోవాడు కూడా పంపివేసినా చనిపోయినా అంటూ మూడు వచనాల పొడవునా ‘ఇలా చేస్తే’ అనే చేదర్థకమే నడుస్తుంది. అసలు విధి నాలుగో వచనంలో ఉంది. మొదటి భర్త ఆమెను ‘మరల పరిగ్రహింపకూడదు’. మొత్తం భాగంలో చట్టం ఆ ఒక్కటే. కావాలన్నప్పుడు పంపించి, కావాలన్నప్పుడు పిలిపించుకునే ఆట కుదరదని.

ఇక్కడే ‘సేఫెర్ కెరీతూత్’ వస్తుంది. ‘సేఫెర్’ పత్రం, ‘కెరీతూత్’ తెగగొట్టడం. మన బైబిల్ ‘పరిత్యాగపత్రము’ అంది. ఆ పత్రాన్ని ఆమె చేతికి ఇవ్వాలి. చేతికి అన్నది ముఖ్యం. ఆ కాగితం ఎవరి కోసం ఉందో అది చెబుతుంది. సుమారు క్రీ.శ. 200 నాటి మిష్నా అనే యూదుల ధర్మ సంకలనంలో యూదుల విడాకుల పత్రానికి సారం ఏమిటో రాసిపెట్టారు: ‘ఏ పురుషుణ్ణైనా పెళ్ళి చేసుకోవడానికి నీకు అనుమతి ఉంది.’ కాగితం లేకపోతే ఆమె అటు భార్యా కాదు, ఇటు స్వతంత్రురాలూ కాదు. మా చెల్లి సరిగ్గా అక్కడే ఉంది.

పత్రం రాయడానికి కారణంగా చెప్పిన మాట ‘ఎర్వత్ దావార్’. అక్షరాలా ‘ఒక సంగతి యొక్క దిగంబరత్వం’. మన బైబిల్ ‘మానభంగసూచన’ అంది. ఇదే మాట ముందు అధ్యాయంలో, దండు పాళెం శుభ్రత గురించి, మలాన్ని మట్టితో కప్పమని చెప్పేచోట (23:14) కూడా ఉంది. కాబట్టి వ్యభిచారం ఒక్కటే అని బిగించలేం. పైగా వ్యభిచారానికి 22:22లో మరణశిక్ష ఉంది. ఈ రెండు మాటల మీదే యేసు కాలం నాటికే రబ్బీలు, అంటే యూదుల బోధకులు, రెండు జట్లుగా వాదించుకున్నారు. షమ్మయి వర్గం ‘ఎర్వత్’ మీద పట్టుబట్టింది: అసభ్యమైన పని కనబడితేనే. హిల్లెల్ వర్గం ‘దావార్’ మీద, అంటే ఏ సంగతైనా సరే, కూర మాడ్చినా సరే. ఆ తర్వాతి కాలపు రబ్బీ అకీవా ఆమెకన్నా అందగత్తె కనబడినా చాలన్నాడు. ఇదంతా మిష్నాలో గిట్టీన్ అనే భాగం చివర ఉంది. కూర మాడ్చిందని ఇల్లాలిని పంపేయొచ్చన్న వాదం దేశంలో చలామణిలో ఉండగా యేసు ఆ ప్రశ్న ఎదుర్కొన్నాడని తెలిశాక మత్తయి 19 చదవడమే వేరుగా ఉంటుంది.

ఆ మధ్యలో ఒక బంధువు నాకు యూట్యూబ్ ప్రసంగం ఒకటి పంపారు. దాని వాదన ఇది. యేసు ఖండించింది విడాకుల్ని కాదు, పత్రం ఇవ్వకుండా వదిలేయడాన్ని. గ్రీకులో ‘అపొలువో’ అంటే ఊరికే విడనాడడం, ‘అపొస్తాసియొన్’ అంటే పత్రంతో ఇచ్చే విడాకులు, రెండూ వేరు, మన బైబిళ్ళు కలిపేశాయి అని. వినగానే నా గుండె లేచింది. మా చెల్లి భర్త చేసింది అచ్చంగా అదేగదా, పత్రం లేకుండా గెంటేయడం! అది నిలబడితే మా పని అయిపోయినట్టే. మర్నాడే పెద్దయ్యగారి ముందు పెట్టాను. ఆయన అవునని గాని, కాదని గాని అనలేదు. ‘మత్తయి 1:19 తియ్యి’ అన్నారు.

యోసేపు ‘నీతిమంతుడైయుండి ఆమెను అవమానపరచనొల్లక రహస్యముగా ఆమెను విడనాడ ఉద్దేశించెను’. గ్రీకులో ‘అపొలూసాయ్’, అదే క్రియ. ధర్మశాస్త్రం పాటించే నీతిమంతుడు మరియను పత్రం లేకుండా గాలికి వదిలేద్దామనుకున్నాడా? అలాగైతే అది నీతి కాదు, అవమానం తప్పేదీ కాదు. మార్కు 10:12లో భార్య భర్తను విడనాడడానికీ అదే క్రియ. యూదయ ఎడారిలో వాదీ మురబ్బాత్ గుహల్లో గ్రీకు పత్రం ఒకటి దొరికింది. క్రీ.శ. 124 నాటిది. విడిపోయిన దంపతులు తిరిగి పెళ్ళి చేసుకుంటూ రాసుకున్న ఒప్పందం. అందులో వెనకటి విడాకుల్ని చెప్పడానికి వాడిన మాటల్లో ఈ ‘అపొలువో’ ఒకటి. అంటే ఆ నేల మీద, ఆ కాలంలో, చట్టబద్ధమైన విడాకులకు వాడిన మామూలు మాటే అది. హీబ్రూలో కూడా యిర్మీయా 3:8లో పంపివేయడం, పత్రం ఇవ్వడం ఒకే వాక్యంలో, ఒకే పనిగా ఉన్నాయి. ఆ వచనంలో ఇశ్రాయేలుకు పత్రం ఇచ్చేది సాక్షాత్తూ దేవుడే. విడాకులు ఇచ్చినవాళ్ళంతా పాపులని తేలిగ్గా అనేవాళ్ళు ఆ మాట దగ్గర ఒకసారి ఆగాలి.

ఆ ప్రసంగం వాదన నిలబడలేదు. బాధేసింది, ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అయినా దాన్ని మా కాగితంలో పెట్టలేదు. పెద్దల ముందుకు ఒక్క బలహీనమైన మాట తీసుకెళ్ళినా మిగతా పది మాటలూ దానితోనే పోతాయి.

మత్తయి 19:3లో పరిసయ్యులు అనే యూదుల మతవర్గం వాళ్ళు అడిగింది ‘ఏ హేతువుచేతనైనను పురుషుడు తన భార్యను విడనాడుట న్యాయమా?’ అని. ‘కతా పాసన్ ఐతియన్’. మార్కులో ఈ ‘ఏ హేతువుచేతనైనను’ లేదు, మత్తయి ఒక్కడే ఉంచాడు. ఇది హిల్లెల్ జట్టు మాట. యేసు వాళ్ళ తగవులోకి దిగకుండా ఆదికాండానికి వెళ్ళాడు. అప్పుడు వాళ్ళు, ‘ఆలాగైతే మోషే ఎందుకు ఆజ్ఞాపించెను’ అన్నారు. ‘ఎనెతెయిలతో’, ఆజ్ఞాపించాడు. యేసు జవాబులో క్రియ మార్చాడు. ‘ఎపెత్రెప్సెన్’, అనుమతించాడు, అదీ మీ హృదయ కాఠిన్యాన్ని బట్టి. ద్వితీయోపదేశకాండంలో మేం వ్యాకరణంతో పట్టుకున్న సంగతే ఇది. అక్కడ విడాకులివ్వమనే విధి లేదు. యేసు ఆ భాగాన్ని చేదర్థకంగానే చదివాడని నాకు అర్థమైన సాయంత్రం, పుస్తకం మూసి, ఆయనకు వందనం చేసుకుని ఇంటికొచ్చాను.

19:9లో ‘వ్యభిచారము నిమిత్తమే తప్ప’ అన్నచోట ఒక్క తెలుగు బైబిలే చేతిలో ఉన్నవాళ్ళకు ఒక సంగతి కనబడదు. ఆ వాక్యంలో ‘వ్యభిచారము’ అని చివర్లో వచ్చేది ‘మొయిఖావో’ అనే గ్రీకు క్రియ, పెళ్ళి కట్టు దాటడం. మినహాయింపుగా వచ్చేది ‘పోర్నేయా’, ఇంకా విశాలమైన మాట. మత్తయి 15:19లో రెండూ పక్కపక్కనే వచ్చినప్పుడు మన అనువాదకులే ‘వ్యభిచారములు వేశ్యాగమనములు’ అని విడదీశారు. 19:9లో కలిపేశారు. అయితే ‘పోర్నేయా’లోకి కొట్టడాన్నీ, తిండి పెట్టకపోవడాన్నీ కూడా లాగే ప్రసంగాలున్నాయి. అది లైంగిక దోషానికి వాడే మాట. అంతకు మించి సాగదీయకూడదు.

మత్తయి 5:32 దగ్గర మాత్రం నేను చాలాసేపు ఉండిపోయాను. ‘తన భార్యను విడనాడు ప్రతివాడును ఆమెను వ్యభిచారిణిగా చేయుచున్నాడు.’ ఈ వాక్యం విని ఎంతమంది ఆడవాళ్ళు తలదించుకుని ఉంటారో. పాత గ్రీకు ప్రతుల్లో ఇక్కడ ఉన్నది ‘మొయిఖెయుతేనయ్’. కర్మణి ప్రయోగం. ఆమె చేసే పని కాదు, ఆమెకు జరిగేది. ‘చేయుచున్నాడు’ అన్న క్రియకు కర్త భర్త. అన్యాయంగా పంపివేసి ఆమెను ఆ నిందలోకి, ఆ స్థితిలోకి నెట్టినవాడు అతను. యేసు వేలు చూపించింది అతని వైపు. మన తెలుగు కూడా కర్తను సరిగ్గానే పెట్టింది, ‘చేయుచున్నాడు’ అని. చదివే మనమే వ్యభిచారిణి అన్న మాట దగ్గర ఆగిపోతున్నాం.

నిర్గమకాండము 21:10, 11 పెద్దయ్యగారే గుర్తు చేశారు. దాసిగా వచ్చిన భార్యకు సైతం ఆహారం, వస్త్రం, సంసారధర్మం తగ్గించకూడదు. ఈ మూడూ కలగజేయకపోతే ఆమె ఏమీ చెల్లించకుండా స్వతంత్రురాలై వెళ్ళిపోవచ్చు. దాసికే ఈ హక్కుంటే స్వతంత్రురాలైన భార్యకు లేకుండా ఎలా పోతుందని రబ్బీలు అడిగారు. ఆ తర్కం నాకూ న్యాయంగానే తోచింది. ఇక్కడ ‘వెళ్ళిపోవడం’ అనే క్రియకు కర్త భార్యే, అయినా ఆమె మీద నింద లేదు.

అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరాల దగ్గరికి వచ్చేసరికి పెద్దల వాదన మాకు ముందే తెలుసు. మొదటి కొరింథీయులకు 7:15: ‘అవిశ్వాసియైనవాడు ఎడబాసినయెడల ఎడబాయవచ్చును; అట్టి సందర్భములలో సహోదరునికైనను సహోదరికైనను నిర్బంధము లేదు.’ అతను అవిశ్వాసి కాదు కదా, బాప్తిస్మం ఉంది కదా అంటారు. ‘నిర్బంధము లేదు’ అన్నచోట గ్రీకులో ‘ఊ దెదూలోతాయ్’ ఉంది. ‘దూలోస్’, అంటే బానిస, ఆ మాట నుంచి వచ్చిన క్రియ. బానిసగా కట్టుబడి లేదని. సరే, అవిశ్వాసి సంగతో? దీనికి పెద్దయ్యగారు పౌలుతోనే జవాబు చెప్పించారు. మొదటి తిమోతికి 5:8: తన యింటివారిని సంరక్షింపనివాడు ‘విశ్వాసత్యాగము చేసినవాడై అవిశ్వాసికన్న చెడ్డవాడై యుండును’. ఆ వచనం విధవరాండ్ర పోషణ గురించి చెప్పే సందర్భంలోనిదని ఆయనే ముందు చెప్పారు. అయినా ఇంటివాళ్ళను గాలికి వదిలిన మనిషి బాప్తిస్మం సర్టిఫికెట్ చూపి విశ్వాసినంటే, పౌలు దాన్ని లెక్కలోకి తీసుకోడని అక్కడ స్పష్టంగానే ఉంది.

ఇదంతా ఠావు కాగితాల మీద రాసి సంఘ కమిటీ ముందు పెట్టాను. మూలపదాలు తెలుగు అక్షరాల్లో, పక్కన పురుష, వచనం, కర్తరి కర్మణి. పెద్దయ్యగారు కూడా వచ్చి కూర్చున్నారు గాని నన్నే మాట్లాడమన్నారు. ఒక పెద్ద మనిషి, ‘అంటే ఎవరికి తోచినట్టు వాళ్ళు విడాకులు తీసుకోవచ్చంటావా అమ్మా?’ అని అడిగారు. ‘కాదండీ. తోచినట్టు తీసుకున్నవాడినే ఈ వచనాలు తప్పుపడుతున్నాయంటున్నాను. అతనికి మీరు ఉత్తరం రాశారా?’ అన్నాను. రాయలేదు. ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు సంఘ కార్యదర్శి మలాకీ కాగితం ఇంకోసారి చదవమన్నారు.

చట్టం సంగతి కూడా ఒకరు లేవనెత్తారు. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఉంది. 2001 సవరణ దాకా భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలేది. భార్యకు మాత్రం భర్త క్రూరత్వం గాని, వదిలేయడం గాని ఒక్కటే చాలదు, దానికి వ్యభిచారం కూడా తోడవ్వాలి. 2001లో ఇద్దరికీ కారణాలు దాదాపు సమానం చేశారు. క్రూరత్వం, రెండేళ్ళకు తక్కువ కాకుండా విడిచిపెట్టడం విడివిడిగా కారణాలయ్యాయి. పరస్పర అంగీకారంతో విడాకులూ అప్పుడే వచ్చాయి. ‘లోక చట్టం మనకెందుకు’ అని ఒకరన్నారు. ఆ పాత చట్టం రాసినవాళ్ళు కూడా మత్తయి 19:9ని ఇదే తీరులో చదివి రాసినట్టుంది నాకు. దాని బరువు నూటముప్పై ఏళ్ళు మన ఆడవాళ్ళే మోశారు. వాక్యం ఎలా చదువుతామన్నది వాక్యంతో ఆగదని ఆ కమిటీలో చెప్పాను.

ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. ప్రభువు బల్ల నిషేధం ఎత్తేశారు. అతనికి కూడా పెద్దలు ఒక ఉత్తరం పంపారు. ఈసారి మలాకీ రెండో అధ్యాయం 13 నుంచి 16 వరకు పూర్తిగా రాశారు. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకు చెల్లితో నేనో మా తమ్ముడో వెళ్తున్నాం.

పునర్వివాహం మాట వచ్చేసరికి మాత్రం కమిటీ కదల్లేదు. మొదటి కొరింథీయులకు 7:39 చూపించారు. ‘భార్య తన భర్త బ్రదికియున్నంతకాలము బద్ధురాలై యుండును’. 7:11లో ఎడబాసిన స్త్రీ పెళ్ళి లేకుండా ఉండాలన్నదీ చూపించారు. ఆ వచనాలు ఉన్నాయి, వాటిని నేను తోసేయను. కానీ 7:11లో పౌలు ఆమెను ‘అగామొస్’ అన్నాడు, పెళ్ళి లేనిది. అంటే ఆ పెళ్ళి ఇంకా నడుస్తోందని ఆయన అనలేదు. పైగా ఆమెకు సమాధానపడే దారి తెరిచి ఉంది. 7:15లో సహోదరికి ఆ దారి అవతలివాడే మూసేశాడు, అందుకే అక్కడ పౌలు ‘పెళ్ళి లేకుండా ఉండాలి’ అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. 7:39లోనే తర్వాత, భర్త చనిపోతే అంటూ వచ్చే ‘ఇష్టమైనవానిని పెండ్లిచేసికొనుటకు స్వతంత్రురాలు’ అన్న వాక్యం, యూదుల విడాకుల పత్రంలో స్త్రీ చేతికిచ్చే వాక్యానికి ఎంత దగ్గరగా ఉందో చూడమని అడిగాను. చూశారు, ఒప్పుకోలేదు. మా చెల్లికి ఇప్పుడు ఆ ఆలోచన లేదు కాబట్టి అక్కడితో లేచాం. నేనూ వాళ్ళ మాట ఒప్పుకోలేదు, ఆ సంగతి మినిట్సులో రాయమని చెప్పి సంతకం పెట్టి వచ్చాను.